అమ్మానాన్నల ఫోన్‌ను మోసగాళ్లకు అందకుండా ఒక పూటలో సరిచేయడం ఎలా?

సంక్రాంతికీ వేసవి సెలవులకూ గుంటూరు వచ్చే మా బంధువుల పిల్లలు కాఫీ గ్లాసు చేతిలో పట్టుకునే నన్ను అడిగే మాట ఒకటుంది: “బాబాయ్, అమ్మ ఫోన్ ఒకసారి చూసి పెడతారా?” పిల్లలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటారు, పెద్దవాళ్లు బ్రాడీపేటలోనో విజయవాడ పటమటలోనో ఇద్దరే ఉంటారు కాబట్టి ఆ దిగులు సహజమే. అడిగినవారికల్లా విడివిడిగా చెప్పేకంటే, నేను ఆ పని చేసే వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

“జాగ్రత్తగా ఉండు, ఎవరికీ ఓటీపీ చెప్పకు” అని చెప్పి బస్సెక్కితే పెద్దగా ఫలితం ఉండదు. ఆ మాట వాళ్లు పేపర్లో చదివారు, కాలర్ ట్యూన్‌లో విన్నారు. మోసగాడి ఫోన్ వచ్చే వేళకు పొయ్యి మీద కూర ఉంటుంది, గుమ్మంలో పాలవాడు ఉంటాడు, ఆ క్షణంలో ఏదీ గుర్తురాదు. అందువల్ల ఒక పొరపాటు జరిగినా పోయేది కొద్దిగానే ఉండేలా డబ్బునూ ఫోన్‌నూ ముందే అమర్చిపెట్టడమే ఇక్కడ మనం చేయబోయే పని.

కావలసినవి

రెండు గంటల తీరిక. ఫోన్ ఎవరిదో వారు పక్కనే కూర్చుని ఉండటం, వారి కళ్లజోడుతో సహా. బ్యాంకు పాస్‌బుక్కులు, డెబిట్ కార్డులు. ఆధార్‌కు జతచేసిన సిమ్ ఉన్న ఫోన్. మీ ఈమెయిల్ చిరునామా. ఒక అట్టముక్క, లావుపాటి స్కెచ్ పెన్ను. ఫోన్‌ను మీ గదిలోకి తీసుకుపోయి సరిచేసి తెచ్చి ఇవ్వకండి. ఏం మార్చారో చూడని మనిషి, మర్నాడు ఏదో పనిచేయడం లేదని పక్కింటి కుర్రాడి చేత అన్నీ మళ్లీ పాత స్థితికి తెప్పించుకుంటారు. ఇది నా అనుభవం.

1. డబ్బును రెండు చోట్ల పెట్టండి

మొత్తం పనిలో దీనికి మించినది లేదు. రెండు గంటల తీరిక లేకపోతే ఇదొక్కటి చేసి వెళ్లండి.

పింఛను పడే ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్లున్న ఖాతా యూపీఐకి కలిసి ఉండకూడదు. దగ్గర్లోని మరో బ్యాంకులో చిన్న పొదుపు ఖాతా తెరిపించి, నెలకు సరిపడా పది, పదిహేను వేల రూపాయలు మాత్రమే అందులో ఉంచి, ఫోన్‌పే అయినా గూగుల్‌పే అయినా దానికే కలపండి. కూరగాయలు, మందులు, కరెంటు బిల్లు అన్నీ అక్కడి నుంచే పోతాయి. కనీస నిల్వ ఎంత ఉండాలో ఖాతా తెరిచేటప్పుడే అడిగి తెలుసుకోండి.

ఎక్కువమంది చేసే పొరపాటు ఏమిటంటే, పాత ఖాతాను తీసేయడానికి యాప్‌ను ఫోన్ నుంచి తొలగించి ఊరుకోవడం. యాప్ పోయినంత మాత్రాన యూపీఐ నమోదు పోదు. యాప్ ఉండగానే అందులోని బ్యాంకు ఖాతాల జాబితాకు వెళ్లి, పెద్ద ఖాతాను అక్కడ తొలగించాలి. ఫోన్‌లో యూపీఐ యాప్‌లు రెండు మూడు ఉంటే ప్రతిదానిలోనూ ఇదే చేయాలి; బ్యాంకువారి సొంత యాప్‌లోనూ యూపీఐ ఉంటుందని మరవకండి. ఆ తరువాత ఒక్కొక్కటి తెరిచి, జాబితాలో చిన్న ఖాతా ఒక్కటే కనిపిస్తున్నదో లేదో చూసుకోండి.

ఫిక్స్‌డ్ డిపాజిట్ భద్రమని చాలామంది ధీమాగా ఉంటారు. అయితే చాలా బ్యాంకుల యాప్‌లలో డిపాజిట్‌ను గడువుకు ముందే ఇంటి నుంచే రద్దు చేయవచ్చు, దాని మీద అప్పు కూడా తీసుకోవచ్చు. ఫోన్ చేతికి చిక్కిన మోసగాడికి కూడా ఆ దారి తెరిచే ఉంటుంది. పెద్దవాళ్లు నెట్ బ్యాంకింగ్ వాడకపోతే శాఖకు వెళ్లి దానిని ఆపివేయమని రాసి ఇవ్వండి.

రెండో ఖాతా వద్దనుకుంటే, ఉన్న ఖాతాలోనే పరిమితులు తగ్గించండి. డెబిట్ కార్డును ఆన్‌లైన్ కొనుగోళ్లకు, విదేశీ లావాదేవీలకు ఆపివేసుకునే వీలును, రోజువారీ పరిమితి పెట్టుకునే వీలును 2020 అక్టోబరు 1 నుంచి ప్రతి బ్యాంకూ ఇవ్వవలసిందేనని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఏటీఎంలో తప్ప కార్డు వాడనివారికి మిగతావన్నీ ఆపివేసినా ఇబ్బంది ఉండదు.

2. బ్యాంకు సందేశాలు ఇంకొక చోటికి కూడా వచ్చేలా చేయండి

దీని విలువ మా మేనమామ గారి వల్ల నాకు తెలిసింది. ఆయనకు వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా పేరుతో ఒక ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు, వచ్చింది. ఆయన స్కూటరు నడపడం మానేసి ఏళ్లయింది. “నా బండి నెంబరుతో ఎవడైనా తిరుగుతున్నాడేమో” అన్న అనుమానంతోనే తెరిచారు. ఆ అనుమానంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. ఫైలు ఇన్‌స్టాల్ అయింది, తెర మీద ఏమీ కనిపించలేదు, ఆయన ఫోన్ పక్కన పెట్టి భోజనానికి లేచారు. మూడో రోజున పాస్‌బుక్ ముద్రించుకోవడానికి బ్యాంకుకు వెళితే, మిషను గరగరమంటూ ఆయన ఎరగని మూడు వరుసలు ముద్రించింది. నలభై ఎనిమిది వేలు పోయాయి. ఫోన్‌లో మాత్రం ఒక్క ఎస్ఎంఎస్ కూడా లేదు, ఎందుకంటే ఆ యాప్ సందేశాలు చదివే అనుమతి సంపాదించి, ఓటీపీలను అవతలికి పంపి, డబ్బు పోయిన సందేశాలను ఆయన కంట పడకుండా చేసింది.

కనుక శాఖలో దరఖాస్తు ఇచ్చి, లావాదేవీల సమాచారం ఈమెయిల్‌కు కూడా వచ్చేలా నమోదు చేయించి, ఆ ఈమెయిల్ మీ ఫోన్‌లో మోగేలా పెట్టుకోండి. పరీక్షించడానికి పెద్దవాళ్ల ఖాతా నుంచి వంద రూపాయలు మీకు పంపించండి; మెయిల్ రాకపోతే నమోదు కాకపోయి ఉండవచ్చు. కొన్ని బ్యాంకులు చిన్న మొత్తాలకు మెయిల్ పంపవు కాబట్టి రెండోసారి పెద్ద మొత్తంతో చూసి నిర్ధారించుకోండి.

3. ఏపీకే ఫైళ్లకు తలుపు మూయండి

చలానా, పెళ్లి శుభలేఖ, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ, గ్యాస్ కనెక్షన్ అంటూ పేరు మారుతుంది గాని, చివర ఏపీకే అని ఉండటం మారదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, పైన వెతికే పెట్టెలో “అన్‌నోన్ యాప్స్” అని కొట్టండి. వచ్చిన జాబితాలో వాట్సాప్, క్రోమ్, టెలిగ్రామ్, ఫైల్స్ వంటి ప్రతి పేరుకూ ఎదురుగా అనుమతి లేదని ఉండాలి. ఉన్నవాటిని ఆపండి. ప్లే స్టోర్‌లో పైనున్న బొమ్మ నొక్కి, హానికరమైన యాప్‌లను పట్టే ప్లే ప్రొటెక్ట్ పనిచేస్తున్నదో లేదో చూడండి.

తరువాత ఇప్పటికే ఏదైనా దూరి ఉందేమో వెతకాలి. సెట్టింగ్స్‌లో మూడు చోట్లు చూడండి: యాక్సెసిబిలిటీ అనుమతి (తెర మీద ఉన్నది చదివి, మీ బదులు నొక్కగలిగే అనుమతి) ఏ యాప్‌లకు ఉంది, నోటిఫికేషన్లు చదివే అనుమతి దేనికి ఉంది, ఎస్ఎంఎస్‌లకు డిఫాల్ట్ యాప్ ఏది. మీకు తెలియని పేరు ఈ మూడింటిలో ఎక్కడ కనిపించినా అనుమానించండి. బ్యాంకు గుర్తు వేసుకుని ప్లే స్టోర్ నుంచి రాని యాప్ ఉంటే, తొలగించే ముందు ఈ వ్యాసం చివరి భాగం చదవండి.

దూరం నుంచి ఇంకొకరి ఫోన్ తెరను చూసే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ స్వతహాగా మోసపు యాప్‌లు కావు, కానీ పెద్దవాళ్ల ఫోన్‌లో వాటితో పని ఉండదు కాబట్టి తీసివేయండి. వాట్సాప్ వీడియో కాల్‌లోనే తెరను ఎదుటివారికి చూపించే వీలుందని చాలామందికి తెలియదు. ఐఫోన్‌లో ఏపీకే బెడద లేకపోయినా ఈ బెడద ఉంది.

ఏపీకే ఫైళ్లకు మూసిన ఈ తలుపును రెండు నొక్కులతో మళ్లీ తెరవవచ్చు. అవతలివాడు ఫోన్‌లో ఉండి ఒక్కొక్క అడుగూ చెబుతుంటే పెద్దవాళ్లే తెరుస్తారు. అందుకే ఇది ఒక్కటే చాలదు.

4. వాట్సాప్

సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, ఆరంకెల పిన్‌ను డైరీలో రాయండి. లింక్డ్ డివైసెస్ తెరిచి, తెలియని కంప్యూటరు ఏదైనా కనిపిస్తే లాగౌట్ చేయండి. ప్రైవసీలో గ్రూపుల దగ్గర “మై కాంటాక్ట్స్” అని మార్చితే, రోజుకు రెట్టింపు లాభమంటూ నడిచే షేర్ల గ్రూపుల్లోకి ముక్కూమొహం తెలియనివారు చేర్చలేరు. ఫైళ్లు వాటంతటవే డౌన్‌లోడ్ కావడాన్ని ఆపండి.

తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేసే వీలు కూడా ప్రైవసీలోనే ఉంది. పెట్టే ముందు విదేశాల్లో ఉన్న పిల్లల నంబర్లన్నీ పేర్లతో భద్రపరచండి. లేకపోతే మనవరాలు కొత్త నంబరు నుంచి చేసిన కాల్ కూడా మోగదు, ఆ తరువాత ఇంట్లో పంచాయితీ మీకే.

5. కాల్స్ మళ్లింపు

కొరియరు కుర్రాడినని, నెట్‌వర్క్ సరిచేస్తామని చెప్పి, నక్షత్రం గుర్తు, 401, మళ్లీ నక్షత్రం, ఆ తరువాత ఒక ఫోన్ నంబరు నొక్కమంటారు. నొక్కితే మీకు వచ్చే కాల్స్ అవతలి నంబరుకు పోతాయి, కాల్ రూపంలో వచ్చే ఓటీపీలు కూడా. కోడ్ నొక్కి కాల్స్ మళ్లించే సదుపాయాన్ని 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపివేయాలని టెలికాం శాఖ ఆదేశించింది. అయినా చూసుకోవడానికి పట్టేది అరనిమిషమే: *#21# నొక్కితే మళ్లింపు ఉందో లేదో తెలుస్తుంది, ##002# నొక్కితే ఉన్నవన్నీ రద్దవుతాయి.

6. సిమ్‌లు, ఆధార్

టెలికాం శాఖవారి సంచార్ సాథీ సైటులో మొబైల్ నంబరు, ఓటీపీ ఇస్తే ఆ మనిషి పేరు మీద ఉన్న సిమ్‌లన్నీ కనిపిస్తాయి. తమవి కానివాటిని అక్కడే “నాది కాదు” అని గుర్తుపెట్టవచ్చు. పోయిన ఫోన్‌ను పనిచేయకుండా ఆపించే వీలూ అక్కడే ఉంది.

ఆధార్ బయోమెట్రిక్ లాక్ గురించి కొంచెం ఆలోచించి చేయండి. వేలిముద్రకు నకలు తయారుచేసి ఆధార్ చెల్లింపుల ద్వారా ఖాతా నుంచి నగదు తీసే మోసం ఉంది కాబట్టి లాక్ మంచిదే. కానీ రేషన్ దుకాణంలోనూ, నెల మొదట్లో ఇంటికి వచ్చి ఇచ్చే సామాజిక పింఛనుకూ, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కూ వేలిముద్ర వేసేవారికి లాక్ ఉంటే పని ఆగిపోతుంది. తాత్కాలికంగా తెరవడం వాళ్లకు వస్తేనే పెట్టండి. సందేహం ఉంటే ఆధార్ సహాయ నంబరు 1947కు ఫోన్ చేసి అడగవచ్చు.

7. అట్టముక్క, ఇంటి మాట

అట్ట మీద పెద్ద అక్షరాలతో మూడు వాక్యాలు పెద్దవాళ్ల చేతనే రాయించండి. “మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు.” “వీడియో కాల్‌లో అరెస్టు ఉండదు.” “ముందు ఫోన్ పెట్టేస్తాను, తరువాత మా వాళ్లకు చేస్తాను.” కింద మీ నంబరు, కార్డు వెనుక ముద్రించిన బ్యాంకు నంబరు, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930. అట్టను ఫోన్ ఛార్జింగ్ పెట్టే చోట అంటించండి.

రెండో వాక్యం ఎందుకంటే, సీబీఐ అనీ, కస్టమ్స్ అనీ, పార్శిల్‌లో మత్తుమందులు దొరికాయనీ చెప్పి, గంటలకొద్దీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి డబ్బు లాగే ముఠాలకు మొదట చిక్కేది రిటైరైన ఉద్యోగులే. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో లేదు; 2024 అక్టోబరు 27 నాటి మన్ కీ బాత్‌లో ప్రధానమంత్రి దీని గురించే మాట్లాడారు.

ఇంటి మాట అంటే మీ కుటుంబానికి మాత్రమే తెలిసిన ఒక పదం. గొంతును అనుకరించి “అమ్మా, యాక్సిడెంట్ అయింది, వెంటనే పంపు” అనే కాల్స్ వస్తున్నాయి కాబట్టి, డబ్బు అడిగిన ఎవరినైనా ఆ మాట అడగాలి. పుట్టినరోజులు, ఇంటి పేర్లు, ఊరి పేర్లు వద్దు, అవి ఫేస్‌బుక్‌లో దొరుకుతాయి. చిన్నప్పటి ఆవు పేరులాంటిది పెట్టుకోండి.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

వారం పదిరోజుల తరువాత, వాళ్లకు తెలియని నంబరు నుంచి ఎవరి చేతనైనా ఫోన్ చేయించండి. మా పిన్నిగారికి నేను ఒక స్నేహితుడి చేత చేయించిన కాల్ ఇలా సాగింది.

“సీపీడీసీఎల్ నుంచమ్మా. మీ పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు కట్ చేస్తున్నాం.”

“కట్టానండీ, రసీదు ఉంది.”

“కట్టారమ్మా, సిస్టంలో ఎక్కలేదు. పది రూపాయలు కొట్టండి చాలు, ఎక్కుతుంది. లింకు పంపుతాను.”

“మా అబ్బాయిని అడిగి చేస్తాను, మీరు లైన్లో ఉండండి.”

ఈ జవాబు విని పిన్నిగారి అబ్బాయి చాలా సంతోషించాడు. నేను సగం మార్కులే వేశాను. అసలు మోసగాడైతే “అబ్బాయిగారికి ఎందుకమ్మా శ్రమ, నేనే చెబుతాను” అని మాటల్లో పెట్టి కాల్ తెగనివ్వడు. “లైన్లో ఉండండి” అనడమే అక్కడ జరిగిన తప్పు. రెండోసారి ఆమె “పెట్టేస్తున్నాను” అని పెట్టేశారు. మీరూ ఆ తేడానే చూడండి: ఎంత తెలివిగా జవాబిచ్చారన్నది లెక్కలోకి రాదు, ఎన్ని సెకన్లలో పెట్టేశారన్నదే కొలత. పరీక్షలో తప్పితే నవ్వకండి, నలుగురిలో చెప్పకండి. సిగ్గుపడిన మనిషి రేపు నిజంగా డబ్బు పోయినప్పుడు మీకు చెప్పరు.

మరికొన్ని పొరపాట్లు

ఫోన్ తెర మీద కనిపించే పేరునూ, వాట్సాప్‌లో పోలీసు యూనిఫాం ఫోటోనూ నమ్మడం ఒకటి. రెండూ ఎవరైనా పెట్టుకోవచ్చు. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకడం మరొకటి. మోసగాళ్లు తమ నంబర్లను అక్కడ పెట్టి ఎదురుచూస్తుంటారు. నంబరు కార్డు వెనుక నుంచో పాస్‌బుక్ నుంచో తీసుకోండి. బ్యాంకులు, బీమా సంస్థలు సేవల కోసం చేసే కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. మామూలు పదంకెల నంబరు నుంచి బ్యాంకు మేనేజరునని అంటే పెట్టేసి, శాఖకు మీరే చేయండి. బ్యాంకుల సైట్ల చిరునామాలు ఇప్పుడు “బ్యాంక్ డాట్ ఇన్”తో ముగుస్తాయి, వాటిని 2025 అక్టోబరు 31లోగా మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు గడువు పెట్టింది.

ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లో వస్తున్నాయి కదా అని అడుగుతారు. నిజమే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర 2025 జనవరి 30న మొదలైంది, దాని నంబరు 9552300009. ఆ నంబరును మీరే భద్రపరచుకుని, మీరే సందేశం పంపి పని మొదలుపెట్టండి. ఇంకో నంబరు నుంచి మన మిత్ర పేరుతో ఫైలు వస్తే తెరవకండి.

డబ్బు పోయిందని తెలిస్తే

ఇక్కడ వరుస ముఖ్యం. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ పోతుంది కాబట్టి, ఎక్కడో ఒకచోట ఆగాలంటే మొదటి గంటలోనే కదలాలి.

మొదట, ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపండి. అనుమానపు యాప్‌ను అప్పుడే తొలగించకండి.

రెండు, మరో ఫోన్ నుంచి 1930కి చేయండి. ఖాతా నంబరు, పోయిన మొత్తం, సమయం, యూపీఐ లావాదేవీ అయితే దానిని గుర్తించే 12 అంకెల యూటీఆర్ నంబరు దగ్గర పెట్టుకోండి. లైన్ దొరకకపోతే కాచుకుని కూర్చోకుండా, ఒకరు ఫోన్ చేస్తుంటే మరొకరు సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. రసీదు సంఖ్య వస్తేనే ఫిర్యాదు చేరినట్టు; దానిని కాగితం మీద రాసుకోండి.

మూడు, బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. మర్నాడు ఉదయమే శాఖలో లిఖితపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. “వేయక్కర్లేదు సార్, కంప్యూటర్లో ఎక్కించాం” అంటే ఒప్పుకోకండి. రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు బ్యాంకుదీ కాక ఖాతాదారుదీ కాక మూడోచోట జరిగితే, మూడు పనిదినాల్లోగా తెలియజేసిన ఖాతాదారుకు నష్టం ఉండకూడదు. ఖాతాదారే వివరాలు చెప్పి ఉంటే తెలియజేసే వరకు పోయింది ఆయనదే, తెలియజేశాక పోయింది బ్యాంకుది. రెండు విధాలా ముద్ర మీద ఉన్న తేదీయే మీ చేతిలో ఉండే ఆధారం.

నాలుగు, ఫోన్ తెరను మరో ఫోన్‌తో ఫోటోలు తీయండి: యాప్ పేరు, ఫైలు పంపిన నంబరు, సంభాషణ. సైబర్ క్రైమ్ స్టేషన్ దూరమైతే మీకు దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. పోలీసులు చూశాకే ఫ్యాక్టరీ రీసెట్ చేసి, పాస్‌వర్డులన్నీ మార్చండి. పాత బ్యాకప్ నుంచి యాప్‌లను తిరిగి తెచ్చుకోకండి, ఒక్కొక్కటీ ప్లే స్టోర్ నుంచే కొత్తగా వేసుకోండి.

ఐదు, రెండు మూడు వారాల్లో ఇంకో ఫోన్ వస్తుంది: “మీ డబ్బు దొరికింది, ఫైలు కదలాలంటే ఐదు వేలు కట్టాలి.” మా మేనమామ గారికి కూడా వచ్చింది. ఆయన రసీదు సంఖ్య చెప్పమని అడిగారు, అవతలివాడు పెట్టేశాడు. నిలిపిన డబ్బు వెనక్కి రావడానికి పోలీసుల ద్వారా, కోర్టు ద్వారా నడిచే పద్ధతి ఉంది. నెలలు పట్టవచ్చు గాని, దానికి ఎవరి యూపీఐకీ రుసుము పంపనక్కర్లేదు. ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో అదే సైటులో రసీదు సంఖ్యతో చూసుకోవచ్చు.

కొత్త ఫోన్ కొన్నప్పుడు 3, 4 అంశాలను మొదటి నుంచి మళ్లీ చేయాలి. దుకాణంలో పాత ఫోన్‌లోనివన్నీ కొత్తదానిలోకి ఎక్కించి ఇస్తామంటారు. ఆ సమయంలో ఎదురుగా నిలబడి, యూపీఐ పిన్ మాత్రం ఇంటికి వచ్చాక పెట్టుకోండి.